పొయ్యి దించాక వేసే బెల్లం

రాంచీ,
గురువారం

నా బంగారు అక్క శ్రీదేవికి,

ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెట్టమంటాడు కదా, అందుకే ఈ కాగితం. ఆయనకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు గనక ధైర్యంగా రాస్తున్నాను. ఆదివారం జంషెడ్‌పూర్ వస్తున్నాను. సోనారిలో మీ ఇంటికి మాత్రం రాను. బిష్టుపూర్‌లో ఒక హోటల్లో బీర్ల పోటీ ఉంది. రుచి చూసి మార్కులు వేసేవాళ్ళలో నేనొకదాన్ని. బార్లీవైన్ వరసలో మీ ఆయన కాచింది కూడా ఉందట. పేరులో వైన్ ఉన్నా అది బీరే అక్కా, ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో ఏడాది మాగబెట్టే ఘాటు బీరు. గ్లాసుల మీద పేర్లుండవు, నంబర్లే. అయినా నాది నేను గుర్తుపట్టలేనా?

అవును, నాదే. రెండేళ్ళ క్రితం మన గోల్‌మురి క్వార్టర్లో అమ్మ బియ్యం డబ్బా వెనక దాచుకున్న, బీరు కాచే పద్ధతులు రాసుకున్న నా నోట్‌బుక్ ఎవరు తీశారో నీకూ తెలుసు. సాక్చీలో కొత్త బార్ ఓనరు నాకిస్తానన్న బీరు కాచే ఉద్యోగాన్ని, అందులో ఉన్నదంతా తన తెలివేనని చెప్పి బావ కొట్టేశాడు. పైగా అమ్మ ముందే, "వంటింట్లో బెల్లం కలుపుకునే పిల్లకి బీరు సంగతేటి తెల్సు?" అన్నాడు. ఆ మాటకి నా కడుపు ఇంకా మండుతూనే ఉంది. యాభైకి పది వేస్తాను. "పులిసిపోయింది, పారబొయ్యండి" అని రాస్తాను. నా నాలుక అబద్ధమాడడం ఇదే మొదటిసారి, ఆడనీ. నన్ను ఆపకు.

నీ చెల్లెలు,
త్రివేణి

రాంచీ,
మంగళవారం

అక్కా,

పది వేయలేదు. తిట్టకు, ముందు విను.

నాలుగో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే తాటిబెల్లం వాసన! తోమిన రాగిచెంబు రంగు, ఎండుఖర్జూరం, కిస్‌మిస్, గొంతు దిగాక ఛాతీలో వెచ్చదనం, అన్నీ నేను రాసుకున్నవే. ఏడుపొచ్చింది, అంత బాగుంది. పెన్ను తీసి పది వేయబోతుంటే చివర్లో నాలుక మీద ఏదో చేదు తగిలింది. మళ్ళీ తాగాను. మాడు! నా పక్కన కూర్చున్న సీతారామరావుగారు, ముప్ఫై ఏళ్ళుగా బీరు కాచిన మనిషి, "ఏటమ్మా, అడుగంటినట్టు లేదూ?" అన్నారు.

అప్పుడు తట్టింది. మరుగుతుండగానే బెల్లం పోశాడు, అది అడుగున పట్టి మాడింది. పొయ్యి దించాకే వేయాలని నేను నోట్‌బుక్‌లో రాయలేదు. ఎందుకు రాస్తాను? పరమాన్నం వండిన ప్రతిసారీ అమ్మ గరిట ఎత్తి, "దించకండా బెల్లమేత్తే సేతులిరగ్గొడతాను" అనేది కదా. ఇక అబద్ధంతో పనేముంది? ఇరవైరెండు వేసి నిజమే రాశాను: "సరుకు గొప్పది. చేసినవాడికి బెల్లం ఎప్పుడు వేయాలో తెలియదు."

ఆ కాగితం చేసినవాళ్ళ చేతికే ఇస్తారు. బావతో వచ్చిన బార్ ఓనరు అది అందరి ముందూ చదివి, "గుడ్ కబ్ డాలా?" అని బావని నిలదీశాడు. బెల్లం ఎప్పుడేశావని. బావ కంగారులో, "జైసా లిఖా థా, వైసా హీ" అనేశాడు. రాసి ఉన్నట్టే వేశాడట! "లిఖా కిస్‌నే థా?" అన్నాడు ఓనరు, రాసిందెవరని. నేను లేచి, "మైనే" అన్నాను, రాసింది నేనేనని. ఆ మొహం నువ్వు చూడాల్సింది అక్కా! నా కడుపు చల్లబడింది.

ఒక్కటే ముల్లు మిగిలింది. తెలుగు చదవలేని మనిషికి నా నోట్‌బుక్ చదివి పెట్టిందెవరు? నువ్వు కాదని ఒక్క ముక్క రాయి.

నీ త్రివేణి

సోనారి,
శనివారం

త్రివేణీ, నా తల్లీ,

నేనే.

"సదవకపోతే మీ యమ్మింటికి పో" అని రెండు సాయంత్రాలు ఎదురుగా కూర్చోబెట్టి చదివించాడు. నేను చెబుతుంటే హిందీలో రాసుకున్నాడు. నీ కష్టమంతా నా నోటితోనే అప్పజెప్పాను. ఆ పాపం నాదే, తిట్టు, పడతాను. బెల్లం దగ్గరికొచ్చేసరికి, ఎప్పుడు వేయాలో నువ్వు రాయలేదు. "ఎప్పుడెయ్యాలే?" అని అడిగాడు. అమ్మ గరిట దెబ్బలు నీకంటే రెండు ఎక్కువే తిన్నాను నేను. "మరుగుతున్నప్పుడే" అని చెప్పాను. ఆ బీరు మాగినన్నాళ్ళూ నోరు కుట్టేసుకుని ఎదురుచూశాను.

నిన్న పరమాన్నం వండాను. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను గిన్నె దించి, ఆయన చూస్తుండగానే బెల్లం వేశాను.

నీ అక్క,
శ్రీదేవి