చెరువు మీద నీ డ్రోన్

లక్డారం

అన్నా,

నువ్వు ఇంట్లో ఉంచిపోయిన డ్రోన్‌ను నిన్న నీకు చెప్పకుండా చెరువు మీద ఎగరేశాను. కోపం చేసుకోకు. అరుణమ్మ చిన్నమ్మ తన చూడి బర్రె పొద్దున్నుంచి కనబడలేదని ఒకటే ఏడుపు. నువ్వు నేర్పినట్టే గాలి చూసుకుని, నీళ్లకు బాగా ఎత్తులో పోనిచ్చాను. తుంగ నడుమ తిప్ప మీద బర్రె కనిపించింది. పక్కనే తడితడిగా దూడ!

“ఈనిందే నా తల్లి! సూడు, దూడ లేసి నిలవడ్డది!” అంటూ చిన్నమ్మ స్క్రీన్‌కే ముద్దు పెట్టింది.

ఇంకాసేపు చూడాలనిపించినా, బ్యాటరీ సగానికి రాగానే డ్రోన్‌ను ఒడ్డున దింపేశాను. నర్సింహులు మామ దూడను తెప్ప మీద తెస్తుంటే, బర్రె వెనకే ఈదుకుంటూ వచ్చింది.

“మీ అన్న రానిదే జున్ను ఎవ్వల్ని ముట్టనియ్య” అంటోంది చిన్నమ్మ. మా అందరికీ నోరూరుతోంది, జల్దీ రా.

నీ చెల్లెలు