పక్క సైకిలు మీది మనిషి

అక్కా,

ఫోన్‌లో నాలుగు మాటలకే నాకు ఆయాసం వస్తోంది, అది విని నువ్వు ఏడుస్తున్నావు. అందుకే రాస్తున్నాను. ఊపిరి క్లాసు ఎందుకు మానేశావని చెడామడా తిట్టావు కదా. మెట్లెక్కలేకపోతున్నానన్నాను, బస్సు దొరకడం లేదన్నాను. రెండూ అబద్ధాలే.

నిజానికి ఆ క్లాసు నాకు నచ్చింది. ఆసుపత్రి మేడ మీద పొడవాటి గది. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళం ఓ అరడజను మందిమి, కొలిమి తిత్తుల్లా బుసలు కొడుతూ ఎక్కడికీ వెళ్ళని సైకిళ్ళు తొక్కుతాం. “మెల్లగా తాతా, బస్సేం వెళ్ళిపోవట్లేదు” అంటుంది ఫిజియో అమ్మాయి. నాకింకా మనవలు లేరు తల్లీ అన్నా వినదు. కొన్నాళ్ళకి మధ్యలో ఆగకుండా చొక్కా తొడుక్కోగలిగాను.

అప్పుడు నా పక్క సైకిలు మీద ఒక కొత్త మనిషిని కూర్చోబెట్టారు. ముందు ఆ చేతుల్ని గుర్తుపట్టాను, తర్వాత ముఖాన్ని. దున్న.

నువ్వతన్ని చూడలేదు, బావ నోట ఆ పేరు విన్నావంతే. మేమంతా చాటుగా దున్న అని పిలుచుకున్న మా పలుగురాయి మిల్లు సూపర్‌వైజరు. ఆ రాతిపిండి దుమ్ములో ఊపిరాడక బావ బయటికొచ్చి గోడకి ఆనుకుంటే, పార తిరగేసి పక్కటెముకల మీద కొట్టాడు. కింద పడ్డాకా ఆపలేదు. అడ్డం వెళ్ళిన నన్ను మూతి మీద కొట్టాడు. నా పళ్ళు దుమ్ములో ఏరుకున్నాను. ఆ ఎముకలు సరిగ్గా అతకనే లేదు. దగ్గొచ్చినప్పుడల్లా బావ దిండు కొరికి అరవడం, పోయేదాకా, నువ్వే విన్నావు.

ఆ దున్న నావైపు తిరిగి, పెళ్ళిలో కలిసిన చుట్టంలా, “ఏరా, నీకూ వచ్చిందా?” అన్నాడు.

చేతుల కసరత్తుకని ఇచ్చిన రబ్బరు పట్టీని వాడి మెడకి చుట్టి లాగాను. వాడు మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. సైకిలుతో సహా ఇద్దరం కూలిపోయాం. నా పిడికిలికి వాడి ముక్కు పగిలింది, నెత్తురు నా నోట్లో పడింది. రెండో దెబ్బకి చెయ్యి లేవలేదక్కా! చంపడానికీ ఊపిరి కావాలని అప్పుడు తెలిసింది. వాడు నా గొంతు పట్టుకున్నాడు కానీ నొక్కే సత్తువ లేదు. ఒకడి మీద ఒకడు పడి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకున్నాం. ఫిజియో అమ్మాయి పరుగున వచ్చి ఇద్దరి ముక్కులకీ గొట్టాలు పెట్టింది. ఒకే సిలిండరు నుంచి. బావని చంపినవాడితో ఒకే గాలి పంచుకుని బతికాను. ఎందుకు కొట్టుకున్నారని అడిగితే ఇద్దరం నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి నేను వెళ్ళలేదు.

వాడు మాత్రం రోజూ వెళ్తున్నాడట. సోమవారం నేనూ వెళ్తాను. వంటింటి కత్తికి సాన పట్టించాను. కత్తికి ఎక్కువ ఊపిరి అక్కర్లేదు. ఆ తర్వాత నన్నేం చేసినా, ఇంకెన్నాళ్ళుంటానులే. నన్ను ఆపకు.

నీ తమ్ముడు

* * *

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి, పొయ్యి ఆపి, కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. మీ ఇంటికొస్తే అరుచుకుంటాం, నీకు దగ్గొస్తుంది. అందుకే శుక్రవారం తిన్నగా ఆసుపత్రికే పోయాను.

“ఇక్కడ దున్నెవడు?” అని అడిగాను. గదిలో అందరూ ఒక్కడివైపే చూశారు. చెప్పు తీసి చెంపలు వాయించాను. వాడు చెయ్యెత్తలేదు, ఎత్తలేడు కూడా. పెదవి చిట్లి కారుతోంది. “మా ఆయన పక్కటెముకలు విరగ్గొట్టావు కదరా!” అన్నాను. వాడు నా ముఖంలోకి చూసి, “ఎవరమ్మా మీ ఆయన? చాలామందిని కొట్టాను, గుర్తులేదు” అన్నాడు.

చెప్పు కింద పడేశాను. బావ ఏళ్ళపాటు అరిచిన నొప్పి వాడికి గుర్తే లేదు. నువ్వు పొడిచినా ఎందుకు పొడిచావో తెలియకుండానే పోతాడు.

అప్పుడు మూల కూర్చున్న పెద్దాయన చొక్కా విప్పి వీపు మీది మచ్చ చూపించాడు. ఇంకొకాయన వంకర వేళ్ళు చూపించాడు. వాళ్ళూ ఆ మిల్లు వాళ్ళేనట, సోమవారం నుంచి మానేద్దామనుకున్నారట. ముందే మానేసిన వాళ్ళూ ఉన్నారట. ఫిజియో అమ్మాయి నేల మీద కూలబడి, “బద్ధకించి మానేశారనుకున్నానమ్మా, ఒక్కరూ చెప్పలేదు” అంది. వాడిని వేరే పూటకి, వేరే గదికి మార్చింది. వాడిని క్షమించమని నేను చెప్పను. నేనూ క్షమించలేదు.

కానీ వాడు రోజూ వచ్చి ఊపిరి పెంచుకుంటుంటే, వాడు తినిపించిన దుమ్ముతో నువ్వు ఇంట్లో కూర్చుని చస్తావా? ఇదెక్కడి పగరా?

సోమవారం నువ్వొచ్చేసరికి ఈ ఉత్తరం మెట్ల దగ్గర ఆ ఫిజియో అమ్మాయి నీ చేతికిస్తుంది. కత్తి ఆమెకిచ్చెయ్. నేను మేడ మీద ఆ గదిలోనే ఉన్నాను. మీ బావని మోసిన నలుగురిలో నువ్వొకడివి. నిన్ను మోయడానికి నాకెవరూ లేరు. పైకి రా.

అక్క