పగటి చిమ్మటా, పది గోళ్ళూ

ఆగస్టు 1. ఉదయం 5.40.
లేచాను! పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు చేసినప్పుడు కూడా ఇంత పొద్దున్నే లేవలేదు. శపథం: నెలాఖరులోగా పెరట్లో చిలకగోరింట పూల దగ్గరికొచ్చి గాల్లోనే ఆగి తేనె తాగే పగటి చిమ్మటను, దాని పొడుగు నాలుక పువ్వులో ఉండగా, ఫొటో తీయాలి. మా ఊరు గురేలో జరిగే ఫొటో ప్రదర్శనకు పేరిచ్చేశాను. కెమెరా కొత్తది. స్టాండు కొత్తది. టోపీ కూడా.
శాక్సఫోను, కొండలెక్కే బూట్లు అటక మీదే ఉన్నాయని మా ఆవిడ సునిమ్ గుర్తుచేసింది. ఇదొక్కటైనా పూర్తిచేసి ఆమె నోరు మూయించాలి.

ఆగస్టు 4.
ఫొటోలు: 142. చిమ్మట ఉన్నవి: 0. ఊగుతున్న పువ్వు: 142. అంటే అప్పుడే వెళ్ళిందన్నమాట. పురోగతే.

ఆగస్టు 9.
ఫొటోలో తోక పడింది! ఫొటో క్లబ్బులో నేర్పే బే మాస్టారికి చూపించాను. చాలాసేపు చూసి, అది నా బొటనవేలన్నారు.

ఆగస్టు 15.
ప్రభుత్వ సెలవు. చిమ్మటలూ రావని నా అంచనా. ఐసు వేసిన నూడుల్స్ తిని పడుకున్నాను. మూడు వచ్చి వెళ్ళాయట. నన్ను లేపలేదేమంటే, గురక విని జాలేసిందంది సునిమ్.

ఆగస్టు 22.
లోపం లెన్సుది. గాలిది. ఆ పురుగు ఒక్కచోట నిలబడదు, పెంపకం అలాంటిది.

ఆగస్టు 25-29.
వాన. తర్వాత నడుం నొప్పి.

ఆగస్టు 30. మధ్యాహ్నం 2.
ఇంకొక్క రోజే. పెరట్లోకి వెళ్తే మొక్కలు బోడిగా ఉన్నాయి! వరండాలో సునిమ్, వాళ్ళక్క. పూలన్నీ నూరి గోళ్ళకు పెట్టుకుని, ఆకులు చుట్టి దారాలు కట్టుకున్నారు. తొలిమంచు కురిసే దాకా గోళ్ళ రంగు నిలిస్తే తొలిప్రేమ దక్కుతుందట. అరవై ఏళ్ళకి ఎవరికోసమో!
ఐదు రోజులుగా వరండాలో కెమెరా స్టాండు మీద నా చొక్కాలు ఆరుతుంటే మానేశాననుకుందట. నేను అరవబోయేంతలో ఆమె ఫోను మోగింది. తన చేతులు ఖాళీ లేవు కదా, నన్నే తియ్యమంది. మాట్లాడి పెట్టేస్తుంటే వేలు తగిలి ఫొటోలు తెరుచుకున్నాయి.
చిమ్మట. నాలుక పువ్వులో. ఇరవై మూడు ఫొటోలు. తేదీ ఆగస్టు 2.
"మీకొకటి దొరికాక చూపిద్దామనుకున్నానండీ," అంది సునిమ్. వదిన గోడవైపు తిరిగి దగ్గింది.
సిగ్గేసింది. నెలంతా నాకోసం తనే నోరు మూసుకుంది.

ఆగస్టు 31.
ఒకటి ఏరి, ఆమె పేరుతోనే ప్రదర్శనకు పంపాను. మీ పేరు పెట్టుకోండి, ఎవరికి తెలుస్తుందంది. నాకు తెలుసుగా అన్నాను. అసలెలా తీశావని అడిగాను.
"నేనేం చేశాను? నీళ్ళు పోస్తుంటే అదే వచ్చింది."

సెప్టెంబరు 1. ఉదయం 8.10.
లేచాను! మళ్ళీ మొగ్గలొస్తున్నాయి. ఈ నెలాఖరులోగా ఒక్క ఫొటో. ఈసారి కిటుకు తెలిసింది. నిన్న సాయంత్రమే బజారుకెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా కొన్నాను. పొడుగు మూతిది, అన్నిటికన్నా ఖరీదైంది. ఇక చిమ్మట రావడమే తరువాయి.