స్టాఫ్‌రూములో రెండు పార్టీలు

ఆగస్టు 4
సెకండియర్‌కి అమెరికా తొలి ప్రెసిడెంట్ వాషింగ్టన్ కేబినెట్ పాఠం చెప్పాను. ఆర్థికమంత్రి హామిల్టన్‌కి కేంద్రం బలంగా ఉండాలి, బ్యాంకు కావాలి. విదేశాంగమంత్రి జెఫర్సన్‌కి రాష్ట్రాలూ రైతులూ ముఖ్యం. పార్టీ అనే మాట అప్పట్లో తిట్టు. "మరి ముందు పార్టీ పెట్టిందెవరు మేడమ్?" అని హర్షిత అడిగింది. అవతలివాళ్ళేనని ఇద్దరూ చెప్పుకున్నారన్నాను. క్లాసంతా నవ్వు.

స్టాఫ్‌రూములోకి వెళ్ళేసరికి పాలిటిక్స్ నాగేశ్వరప్రసాద్ గారు ఫోను బోర్లా పెట్టేశారు. నన్ను చూసే.

ఆగస్టు 6
ప్రసాద్ గారు ఇవాళ రైల్లో మా పెట్టె ఎక్కలేదు. నిడదవోలు నుంచి రాజమండ్రికి ఇన్నేళ్ళూ ఎదురెదురు సీట్లలోనే వచ్చాం. గోదావరి బ్రిడ్జి దాటేదాకా ఆ ఖాళీ సీటునే చూశాను.

ఆగస్టు 11
మా కాలేజీ మేనేజ్‌మెంట్ తెలుగు మీడియం సెక్షన్ ఎత్తేస్తానంటోంది. సరిగ్గా ఇప్పుడే మా స్టాఫ్ అసోసియేషన్ ప్రెసిడెంట్ రత్నమాణిక్యం గారు రిటైరవుతున్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఎన్నికే జరగలేదు. ఇప్పుడు ప్రసాద్ గారు నిలబడుతున్నారు. ఒప్పుకుంటే స్టాఫందరినీ ఇంగ్లీషు మీడియంలో సర్దుతారని ఆయన వాదన. లంక ఊళ్ళ పిల్లలు ఇంగ్లీషు అందుకోలేక చదువు మానేస్తారని నాది. సర్దుతారని అంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నారు? ముందే మాట్లాడుకున్నారా?

ఆగస్టు 13
సెక్షన్ ఉండాలన్న నలుగురం మా ఇంట్లో కాఫీ తాగాం. ఉత్త కాఫీయే. కామర్స్ మురళీకృష్ణ గారు వాట్సాప్ గ్రూపు పెట్టారు. దాని పేరూ 'కాఫీ'యే. ఆయన్ని పోటీకి నిలబెడదామన్నది నేనే.

ఆగస్టు 19
జెఫర్సన్ మంత్రిగా ఉంటూనే, తన ప్రభుత్వాన్నే తిట్టే పత్రిక ఎడిటర్‌కి తన శాఖలో జీతం ఇప్పించాడు. ఇది చెబితే కుర్రాళ్ళు ఈల వేశారు.

మధ్యాహ్నం నోటీసుబోర్డు మీద పేరు లేని కాగితం. ప్రసాద్ గారి అమ్మాయికి మేనేజ్‌మెంట్ వాళ్ళ స్కూల్లో ఉద్యోగం ఇచ్చారట, అందుకే ఆయన సెక్షన్‌ని అమ్మేశారట. ఆయన చదివి అక్కడే నిలబడిపోయారు. ఎవరూ పలకరించలేదు. నేనూ.

రత్నమాణిక్యం గారి దగ్గరికి పరిగెత్తాను.

"ఇది మా వాళ్ళు రాసింది కాదండి."

ఆవిడ కళ్ళజోడు తీశారు. "మీ వాళ్ళూ, మా వాళ్ళూ ఎప్పటినుంచమ్మా కన్యకా?"

ఆగస్టు 21
ఆ కాగితం మా వాళ్ళదే. మురళీకృష్ణ గారే చెప్పారు, నవ్వుతూ. ఆ అమ్మాయి ఆ స్కూలు గేటు కూడా చూడలేదట. అయితేనేం, పని చేసిందిగా అన్నారు. మరి సెక్షన్ సంగతి? ముందు గెలవనివ్వండి, మేనేజ్‌మెంట్ నాకేమిస్తుందో చూసి మాట్లాడదాం అన్నారు.

ఆగస్టు 25
ప్రసాద్ గారు మా పెట్టె ఎక్కారు. కొవ్వూరు దాటాక ఎదురు సీట్లోంచి ముందుకు వంగారు.

"మీరు గ్రూపు కడుతున్నారని ఎవరో చెప్తే నేనూ కట్టానండి. మిమ్మల్నే అడిగుండాల్సింది."

అప్పటికి మా గ్రూపు లేనే లేదన్నాను. నమ్మారో లేదో. ఆ కాగితం సంగతి తెలిసి మా అమ్మాయి మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదండి అన్నారు. కిటికీ వైపు తిరిగాను.

ఆగస్టు 27
1800 ఎన్నిక. జెఫర్సన్‌కీ, ఆయన పార్టీలోనే ఉంటూ తన లాభమే చూసుకునే బర్‌కీ సమానంగా ఓట్లు. జెఫర్సన్‌నే గెలిపించమని హామిల్టన్ తన పార్టీవాళ్ళకి ఉత్తరాలు రాశాడు. శత్రువుకా, ఎందుకు మేడమ్ అంది హర్షిత. బెల్లు కొట్టారు.

ఆగస్టు 29
ఓటు చీటీ మడుస్తుంటే హర్షిత ప్రశ్నే గుర్తొచ్చింది. ప్రసాద్ గారు ఒక్క ఓటుతో గెలిచారు. మనలో అటు దాటి ఓటేసింది ఎవరని 'కాఫీ'లో అందరూ అడుగుతున్నారు.

నేనూ అడిగాను.