నీ మీద పడిన పద్దు

చిన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున చర్చిలో నీ కోసం ప్రార్థన చేయించి, హాస్పిటల్‌కి సెలవు పెట్టి, ఘాజియాబాద్‌లోని మీ పంపుల ఫ్యాక్టరీకి వెళ్లాను. నీ సీట్లో ఇప్పుడు నేహా అనే అమ్మాయి లెక్కలు చూస్తోంది. తనే నిన్న ఫోన్ చేసి రమ్మంది.

నువ్వు కాజేశావన్న డబ్బు దొరికింది. ఒక డీలరు కట్టినదాన్ని నువ్వు అదే పేరున్న మరో డీలరు ఖాతాలో జమ చేశావు. పొరపాటు నీదే, దొంగతనం మాత్రం కాదు. లెక్క మళ్లీ చూస్తానని ఎంత బతిమాలినా, దొంగన్న ఆ రోజు మీ యజమాని నిన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత నీ గుండె ఆగేదాకా నువ్వు గది దాటి బయటికి రాలేదు.

నేహా నా ముందే జర్నల్ ఎంట్రీ వేసింది. ఆ ఖాతాకు డెబిట్, ఈ ఖాతాకు క్రెడిట్. నాకిచ్చిన టీ చల్లారేలోగా అయిపోయింది. కింద 'పొరపాటు జమ సరిచేయబడింది' అని ఇంగ్లీషులో రాసింది.

"దొంగతనం కాదని కూడా రాయవా?" అన్నాను.

"అలా రాయరు దీదీ," అంది తలెత్తకుండా.

"ఠీక్ హై, సరిచేశాం కదా సిస్టర్," అన్నాడు అక్కడే కూర్చున్న మీ యజమాని.

"అందరి ముందూ దొంగన్నారు. కాదని కూడా అందరి ముందే చెప్పండి."

ఆయన లేచి, షెడ్‌లో మెషీన్లు ఆపించి, నీ పేరు చెప్పి, నువ్వు డబ్బు తీయలేదన్నాడు. అక్కడున్నవాళ్లు దాదాపు అందరూ కొత్తవాళ్లే.

"ప్రసాద్ కౌన్?" అని ఒకతను పక్కవాణ్ణి అడిగాడు.

మా తమ్ముడని చెప్పాను.

అక్క