లేవడం నేర్పని వ్యాయామం

అమ్మడూ,

నేను మొండికేసి ఫోను ఎత్తలేదని మీ అమ్మతో అన్నావట. తప్పు. ఫోను బల్ల మీద మోగుతుంటే నేను నేల మీద వెల్లకిలా పడి ఉన్నాను. ఫిజియోథెరపీలో నీ దగ్గర శిక్షణ పొందిన కుర్రాడే, నడుంనొప్పికి రోజూ నేల మీద పడుకుని మోకాళ్లు పొట్టకి నొక్కుకోమన్నాడు. పడుకోగలిగాను, లేవలేకపోయాను. పాలమనిషి కిటికీలోంచి చూసేదాకా అక్కడే ఉన్నాను.

ఇంట్లో ఒక్కదాన్నే ఉంటానని ఆ వ్యాయామం చెప్పిన రోజే ఆ కుర్రాడితో చెప్పబోయాను. "అర్థమైంది బామ్మగారూ" అన్నాడు, కంప్యూటరు వైపు చూస్తూ. రోగులతో ఆత్మీయంగా మెలగడమంటే ఇదేనా? నవ్వడం బాగానే నేర్పావు. వినడం ఎప్పుడు నేర్పుతావు?

ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని రా. వస్తూ పక్కింట్లో రెండు కుర్చీలు అడిగి తెచ్చుకోండి. నా ఇంట్లో ఉన్నది ఒక్కటే.

బామ్మ