నాన్న కారుకి కొత్త పంపు

చిట్టితల్లీ,

నాకు బడికి వేళయింది, నిన్ను లేపలేదు. పదింటికి మెకానిక్ మామ వస్తాడు. నాన్న స్పోర్ట్స్ కారులో కారుతున్న పెట్రోలు పంపు తీసేసి కొత్తది వేస్తాడు. ట్యాంకు నుంచి ఇంజను దాకా పైపులన్నీ మారుస్తాడు. ఒక్క పైపు మారిస్తే చాలదా అని అడిగాను. "ముసలి పైపులు తోడుదొంగలు టీచరమ్మా, ఒకటి దొరికిపోతే రెండోది మొదలెడుతుంది" అన్నాడు.

షెడ్డు తలుపులు బార్లా తెరిచాను, మూయకు. లోపల లైటు స్విచ్చు ముట్టుకోకు. ట్యాంకులోంచి తోడిన పెట్రోలు వంటింటి వైపు తేనివ్వకు. పాత పంపు అతన్నే పట్టుకుపొమ్మను. నేను ఫోన్ చేసి ఉంచమన్నా వినొద్దను.

అన్నం, కూర పొయ్యి మీదున్నాయి. ఈ పూట వేడి చేయకు, చల్లగానే తిను.

ఇంకో మాట. నాన్న పోయిన వారానికే ఆ కారడం చూశాను. నువ్వు వాసనేమిటని అడిగితే, పాత కార్లు అంతేనని సర్దిచెప్పాను. షెడ్డు తలుపు తీయగానే ఆ వాసనకి ఆయన లోపల పని చేసుకుంటున్నట్టే ఉండేది. నిన్న కరెంటు పోయినప్పుడు నువ్వు కొవ్వొత్తి పట్టుకుని అటు బయలుదేరావు. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

అమ్మ